మరమేకుల మడి

జీపును ఎరుగని పల్లె మన దేశములో లేదు. తహసీల్దారుగారి రాకయు, పోలీసువారి రాకయు, ఎన్నికలనాటి మైకు రాకయు పూర్వము మనకు జీపు చప్పుడుతోనే తెలిసెడివి. అయితే ఆ బండికి భక్తులు గలరనియు, ఆ భక్తిలో మడియు, ఆచారమును, శాఖాభేదములును గలవనియు నేను కలనైన ఎరుగను. అమెరికా దేశములో ఓహాయో రాష్ట్రమునందు టొలీడో అను పట్టణము కలదు. అక్కడ ఉద్యోగము చేయు మా అబ్బాయి ఇంట ఆరు నెలలు ఉన్నప్పుడు, పక్కింటి పెద్దమనిషి మూలమున నాకా సంగతి తెలియవచ్చినది.

ఆయనకు డెబ్బదినాలుగేండ్లు. ఇంటిలో భార్యయు, ఒక కుక్కయు, 1943వ సంవత్సరపు సైనిక జీపు ఒకటియు ఉండెను. ఈ మూడింటిలో ఆయనకు ఏది ఎక్కువ ప్రీతియని భార్యను అడుగగా, "కుక్కకు రెండవ స్థానము" అని చెప్పి ఆమె లోపలికి పోయెను.

మొదటి నాడే ఆయన నన్ను తన షెడ్డులోనికి తీసికొనిపోయి, చేతికి భూతద్దమిచ్చి, బండి క్రింద వెల్లకిల పండుకొమ్మనెను. నా వయస్సున అట్లు పండుకొనుట సులభము, లేచుటయే కష్టము. అయినను అతిథి మర్యాద తప్పరాదని దూరితిని. అక్కడ నేను చూడవలసినది మరమేకుల తలలు! ఎద్దుల సంతలో మన పెద్దలు సుడులు వెదకినట్లు, ఆ మేకులమీద ఒక అక్షరము లేకుండుటను నేను గమనింపవలెనట.

దాని కథ యిది. 1940లో అమెరికా సైన్యమువారు తేలికయైన చిన్న బండి యొకటి కావలెనని కంపెనీలను అడిగిరి. బాంటమ్ అను చిన్న కంపెనీవారు మొదటి నమూనాను ఆ సెప్టెంబరు 23వ తేదీన అప్పగించిరి. అయినను పెద్ద పని టొలీడోలోని విల్లీస్ ఓవర్‌లాండ్ కంపెనీవారికి దక్కినది. లోకములో ఇది క్రొత్త గాదు. దుక్కి దున్నినవాడొకడు, పంట కోసినవాడొకడు. విల్లీసు ఒక్కటియే చాలదని 1941 నవంబరులో ఫోర్డు కంపెనీవారికి గూడ అదే బండిని చేయుమని ఒప్పగించిరి. యుద్ధము ముగియునప్పటికి ఇరువురును గలిసి సుమారు 6,40,000 జీపులు చేసిరి. ఒకరి బండి భాగము రెండవవారి బండిలో అమరవలెనని సైన్యమువారి నియమము. ఫోర్డువారు మాత్రము తమ భాగములమీద, తుదకు మరమేకుల తలలమీదను, తమ పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరమగు "ఎఫ్"ను ముద్ర వేయించిరి.

ఆ అక్షరమే ఈ భక్తుల పాలిటి శాఖాభేదము. ఫోర్డు బండి గలవానికి ఎఫ్ లేని మేకు అంటు. విల్లీసు బండి గలవానికి ఎఫ్ ఉన్న మేకు మైల. మా మేనత్త మడిబట్ట ఆరవేసిన దండెము దరికి పోవుటకు మేము చిన్నప్పుడు ఎంత భయపడితిమో, ఆ షెడ్డులో పనిముట్టు ముట్టుటకు నేనంత భయపడితిని. ముందరి అడ్డకమ్మి గుండ్రని గొట్టమైనచో విల్లీసు, ముడిచిన రేకైనచో ఫోర్డు. ఇంతవరకు నేనును నేర్చితిని.

ఒక ఆదివారము ఆయన నన్ను పాత సామానుల సంతకు తీసికొనిపోయెను. తుప్పుపట్టిన మేకులను బల్లలమీద రాసులుగా పోసియుండగా, ముసలివారు కండ్లద్దములను నుదుటికెత్తి ఒక్కొక్కటే ఏరుచుండిరి. ఒకాయన పండ్రెండు మేకులకిచ్చిన సొమ్ముతో మా ఊర పాడిమేక యొకటి వచ్చును. మరి యిద్దరు రెండు రేకుముక్కలను ఎండలో పెట్టియు, నీడలో పెట్టియు, యుద్ధకాలపు అసలు పచ్చ రంగు ఏదియని గంటసేపు వాదించిరి. నాకు రెండును ఎండిన పేడ రంగుగనే తోచినవి, నోరు మెదపలేదు. యుద్ధానంతరము పెట్టెలలో కట్టిన క్రొత్త జీపులు 50 డాలర్లకే దొరకెడివని అక్కడ ఒక పురాణము గలదు. పత్రికలలో ప్రకటనలు చూచి సొమ్ము పంపినవారికి వచ్చినది జీపు గాదు, ప్రభుత్వపు మిగులు సరకును కొనుట యెట్లో తెలుపు చిన్న పుస్తకము. అయినను ఆ పెట్టెను చూచినవాని నెరిగినవాడు సంతకొక్కడైన ఉండును.

1947లో బొంబాయిలో మహీంద్రావారు విల్లీసు జీపులనే కూర్చుట ఆరంభించిరనియు, మా తాలూకా జీపు గూడ ఆ వంశములోనిదే యనియు నేను చెప్పినది మొదలు, ఆయన నన్ను చుట్టముగా భావించెను. అందుచేతనే కాబోలు, ఒక సాయంకాలము రహస్యము బయటపెట్టెను. ఆ బండిలో తక్కినదంతయు విల్లీసు. ఇంజను మాత్రము ఫోర్డుది! దానిమీది సంఖ్యయే సాక్ష్యము చెప్పుచున్నది. చక్కగా నడచు ఆ ఇంజనును తీసివేసి, మూల పడియున్న నడువని విల్లీసు ఇంజనును పెట్టుటకు ఆయన మూడేండ్లుగా పాటుపడుచున్నాడు.

నేను నవ్వితిని. నవ్వకుండవలసినది. ఆయన తల్లి యుద్ధకాలమున విల్లీసు కార్ఖానాలో ఇంజనులు కూర్చు విభాగమున పని చేసినదట. ఇంటికి వచ్చిన పిదప ఎంత తోమినను గోళ్లసందుల నూనె మరక పోయెడిది గాదని తరువాత కొడుకుతో చెప్పెడిదట. ఆమె తన ఆయుర్దాయములో ఒక్కనాడైన జీపు ఎక్కలేదట.

"ఈ బండితో పుట్టిన ఇంజను ఆమె చేతిమీదుగా పోయినదేమో! అది ఎక్కడ ఆగిపోయినదో నాకు తెలియదు" అనెను.

"ఎక్కడనో ఆగినది గనుకనే ఏ సిపాయియో పగిలిన ఫోర్డు బండినుండి ఇంజను తీసి ఇందులో పెట్టియుండును. అతడు ఇల్లు చేరవలెను గదా! ఒకటి మరియొకదానిలో అమరవలెనని నియమము పెట్టినది అందుకొరకే గదా!" అని నేనంటిని.

ఆయన మారు పలుకక దీపమార్పెను. నాలుగు దినములు మా గడప త్రొక్కలేదు.

మే నెలాఖరున, యుద్ధములలో చనిపోయినవారిని స్మరించు దినమున, ఆ ఊర ఊరేగింపు జరిగినది. ఉదయముననే ఇంటిముందు జీపు చప్పుడు వినబడెను. నన్ను ముందు పీటమీద కూర్చుండబెట్టుకొనెను. వెనుక భార్యయు, కుక్కయు. ఫోర్డు ఇంజను ఒక్క తడవైన తడబడక ఊరంతయు తిప్పినది. దారిలో తన జీపుప్రక్కన నిలిచియున్న వేరొక భక్తుడు మా బండిని ఎగాదిగ చూచి, "అంతయు విల్లీసేనా?" అని అడిగెను.

పెద్దమనిషి నావంక చూచెను. నేను కుక్కవంక చూచితిని.

"మా అమ్మ చేసిన కార్ఖానాది" అని చెప్పి ఆయన బండిని ముందునకు పోనిచ్చెను.