రాజీసభకు ముందు చేయవలసిన పని

గ్రామపెద్దలారా!

ఊరిలో మతసంబంధమైన తగవు పుట్టినపుడు ఉభయపక్షములను రచ్చబండకడకు పిలిపించుటయే మన మొదటి పనియని తలంచెదము. నిజమునకు అది కడపటి పని. సభ నెగ్గుటయు చెడుటయు అంతకుముందు మనము చేసిన దానిపై ఆధారపడియుండును.

దేవుని ఊరేగింపు మేళతాళములతో మసీదుముందుగా పోవుటను గూర్చి తగవు వచ్చినదనుకొందము. నలుగురి యెదుట పట్టుపట్టినవాడు దానిని విడిచిన పరువు పోవునని భయపడును. కావున ముందుగా వాని యింటికే పోయి వినవలెను. తప్పుచేసిన సోదరునితో మొదట ఒంటరిగా మాటాడుమనియు, వినకున్న ఒకరిద్దరిని వెంటగొనిపొమ్మనియు, అప్పటికిని వినకున్ననే సంఘమునకు తెలుపుమనియు మత్తయి సువార్త 18వ అధ్యాయము బోధించుచున్నది. ఈ క్రమము ఏ మతమువారికైనను పనికివచ్చును.

మధ్యవర్తులందరు ఒక్క పక్షమువారేయైనచో తీర్పెంత న్యాయమైనను రెండవ పక్షమువారు నమ్మరు. ఆలుమగల నడుమ చీలిక కలుగునను భయమున్నపుడు అతని బంధువులలో నొకనిని, ఆమె బంధువులలో నొకనిని మధ్యవర్తులుగా నియమింపవలెనని ఖురాను 4వ అధ్యాయము 35వ వాక్యము విధించుచున్నది. ఇంటితగవునకు చెప్పిన యీ నీతి ఊరితగవునకును చెల్లును.

ఇక మధ్యవర్తి నడవడి. ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుడు రాయబారమునకు బయలుదేరకముందు పాండవుల యభిప్రాయములనే గాక, మిక్కిలి కోపముతోనున్న ద్రౌపది మాటలనుగూడ వినెను. హస్తినాపురమున దుర్యోధనుని విందు నొల్లడయ్యెను. వచ్చిన పని నెరవేరకముందు దూత భుజింపరాదనెను. సభకు ముందు మనము ఒకరి యింట తిన్న విస్తరిని రెండవవాడు మరువడు.

పాండవులు అయిదూళ్లిచ్చినను చాలుననిరి. అట్లే ప్రతిపక్షమును విడివిడిగా రెండు ప్రశ్నలడుగుడు: నీవు విడువలేనిదేది? విడువగలిగినదేది? ఒకరు దేవుడు పోవు త్రోవ మారరాదందురు. ఒకరు నమాజువేళ చప్పుడు కూడదందురు. ఈ రెంటికిని వైరము లేదు. వేళ కుదిర్చిన చాలును. కాని యీ సంగతి కేకల నడుమ తెలియదు, గడపగడపకు పోయినగాని తెలియదు.

అటుపిమ్మట దినమును చోటును నిర్ణయింపుడు. పండుగదినమును, శుక్రవారపు మధ్యాహ్నమును వదలుడు. గుడియు మసీదును గాక, ఉభయులు సంకోచింపక రాగల చోటు చూడుడు.

ఇంత చేసినను రాజీ కుదురకపోవచ్చును. శ్రీకృష్ణుని రాయబారమే ఫలింపలేదు. అయినను పెద్దలు తమ పని చేయలేదని మాత్రము ఎవ్వరును అనజాలరు. మరల ఆ గడప లెక్కుటకు మీకు మొగము చెల్లును. సెలవు.