ఉప్పు, బెల్లం, మంచినీళ్లు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





వరద వచ్చినా, భూకంపం వచ్చినా, యుద్ధం వచ్చినా, దాని వెనకాలే పేదల గుడిసెల్లోకి రావడానికి కలరా కాచుకుని ఉంటుంది. పాడైన నీళ్లతో కడుపులోకి చేరుతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోతుంది. ఉదయం ఆడుకున్న బిడ్డ రాత్రికి ఉండకపోవచ్చు. పోయిన ఆ నీటినీ ఉప్పునూ వేళకు తిరిగి అందిస్తే మాత్రం దాదాపు అందరూ బతుకుతారు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు కోటి మంది దాకా మన దేశానికి శరణార్థులై వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపించి డ్రమ్ముల్లో పెట్టించారు. రోగుల బంధువులే గ్లాసులతో తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ మహిళా కార్యకర్తలను పంపింది. అర లీటరు నీళ్లలో మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, గుప్పెడు బెల్లం కలపడం కోటికి పైగా ఇళ్లలో నేర్పింది. తల్లి ఎంత గుర్తుపెట్టుకుందో చూసి కార్యకర్తకు డబ్బు చెల్లించేవారు.

ఇంత తెలిశాక కూడా, 2017లో యెమెన్‌లో పది లక్షల మందికి పైగా కలరా లక్షణాలతో పడకేశారు. రెండు వేల మందికి పైగా చనిపోయారు. యుద్ధంతో నీటి పంపులకు ఇంధనం లేదు, మురుగు శుద్ధి ఆగింది, ఆసుపత్రి సిబ్బందికి నెలల తరబడి జీతాల్లేవు. వైద్యం తెలియక పోయిన ప్రాణాలు కావవి.

అందుకే మేము కోరేది ఒక్కటే. ఆపద వార్త వినగానే బియ్యం, దుప్పట్లు ఇచ్చే మీ చేతులను అల్లాహ్ దీవించుగాక. ఏ వార్తా లేని నెలల్లో కూడా మీ సదఖాలో కొంత వాటా బావికి, పైపుకి, క్లోరిన్ బిళ్లకి, ఒక నర్సు జీతానికి ఉంచండి. ఈ ఖర్చుకు మేము రసీదు ఇవ్వగలం, చూపించడానికి ఫొటో ఇవ్వలేం. రాకుండా పోయిన రోగం ఫొటోలో పడదు. మరణించకుండా మిగిలిన బిడ్డల లెక్క ఆ పరమ ప్రభువు దగ్గరే ఉంటుంది.

మన దానాలను ఆయన స్వీకరించుగాక. ఆమీన్.