ఉప్పునీటిని తూచు సీసా



చేతులతో ఏదో ఒకటి చేయక ఊరకుండలేనివారు ప్రతి ఊరిలోను కొందరుందురు. ఆగిన గడియారము కనబడినచో దాని వీపు విప్పి చూడనిదే వారికి నిద్రపట్టదు. విరిగిన గొడుగు కమ్మి, పాత డబ్బా మూత, కాలిపోయిన మోటారులోని రాగితీగ, ఇవన్నియు ఇంటివారికి చెత్త, వారికి నిధి. ఇల్లంతయు పాడుచేయుచున్నారని వారిని విసుగుకొనుటయు, మిక్సీ ఆగిననాడు వారినే బ్రతిమాలుకొనుటయు లోకసహజము.

రేడియో వినువారమైన మనము ఇట్టివారికి కొంత ఋణపడియున్నాము. మన దక్షిణదేశమున ప్రసారములను మొదలుపెట్టినది ప్రభుత్వము కాదు; ఔత్సాహికులు. 1924లో చెన్నపట్టణమున సి.వి. కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, ఆ సంవత్సరము జూలై 31వ తేదీన ప్రసారములు ప్రారంభించినది. ధనము చాలక 1927లో అది ఆగిపోయినను, దాని ట్రాన్స్‌మిటరు నగరపాలక సంస్థకు చేరి, 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రసారములు మరల సాగినవి. ఆ తొలినాళ్లలో రేడియో వినగోరినవారు సెట్టును తామే కూర్చుకొనుట వింత కాదు. ఒక తీగచుట్ట, గెలీనా రాయి, దానిని తాకు సన్నని తీగ, చెవికి తగిలించుకొను గొట్టము, మిద్దెమీద ఒక ఏరియలు, ఇంతే సరంజామా. బ్యాటరీ అక్కరలేదు, కరెంటు అక్కరలేదు.

ఈనాడు ఇండ్లలోని యంత్రములు చాలవరకు మూసిన పెట్టెలు. విప్పినను లోపలి భాగములు కంటికానవు. అందుచేత చేతిపని వేడుకకు కాలము చెల్లినదని కొందరనుచున్నారు. అది సరికాదు. కొలతకు పనికివచ్చు పరికరములు ఇప్పటికిని మన చేతికందునట్టివే. వాటిని చేయుటలో వేడుక ఉన్నది. చేసిన తరువాత అవి మనకొక వార్తను కూడ చెప్పును. అట్టి పరికరము నొక్కదానిని నేడు వివరించెదను. అది పులికాట్ సరస్సు నీటిలోని ఉప్పును తూచు సీసా.

మన దేశమున సముద్రతీరపు ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిలికా తరువాత పెద్దది పులికాట్. దీనికే ప్రళయకావేరి యని మరియొక పేరు. నీరు నిండుగా నున్నపుడు సుమారు 450 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించును. సగటు లోతు మాత్రము ఇంచుమించు ఒక మీటరే. అధికభాగము 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోను, దక్షిణపు కొస తమిళనాడులోను ఉన్నవి. తూర్పున శ్రీహరికోట దీవి దీనిని బంగాళాఖాతమునుండి వేరుచేయుచున్నది. ఇసుకతిన్నెల నడుమనున్న కొద్దిపాటి ముఖద్వారములగుండ సముద్రజలము లోనికి వచ్చిపోవుచుండును. కాళంగి, ఆరణి వంటి నదులు వానకాలమున మంచినీరు తెచ్చును. ఈ రెంటి తూకముమీదనే సరస్సు బ్రదుకు ఆధారపడియున్నది.

సముద్రజలమున సాధారణముగా వేయి పాళ్లకు 35 పాళ్లు లవణములుండును. పులికాట్‌లో ఈ సంఖ్యకు నిలుకడ లేదు. ఈశాన్య ఋతుపవనపు వానలు పట్టుగా కురిసినపుడు కొన్నిచోట్ల సున్న దాపులకు దిగును. ముఖద్వారములు ఇసుకతో పూడి, ఎండలకు నీరు ఆవిరియైనపుడు కొన్నిచోట్ల 50 పాళ్లకు పైబడును. అనగా సరస్సు సముద్రముకంటె ఉప్పనైపోవును. రొయ్యపిల్లలు సముద్రమునుండి ఈ నీటిలోనికి వచ్చి పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మరల సముద్రమునకు పోవును. ద్వారము మూసికొన్నచో వాటి త్రోవ తెగును. నీరు మితిమీరి ఉప్పనైనచో లోపలి చేపలకును గడ్డుకాలమే. జాలరి వల ఖాళీగా వచ్చును. ద్వారముల పూడిక తీయింపుడని జాలరులు ఏండ్ల తరబడి అడుగుచుండుట ఇందుకే.

నీరు ఎంత ఉప్పనో తెలిసికొనుటకు నాలుక చాలదా యని మీరడుగవచ్చును. నాలుక ఉప్పని చెప్పును గాని ఎంతయో చెప్పలేదు. నిన్నటి రుచిని నేటికి జ్ఞాపకముంచుకొనలేదు. ఉప్పునీటిలో కోడిగ్రుడ్డు వేసి చూచుట మన ఇండ్లలో పాత పద్ధతి. తాజా గ్రుడ్డు సముద్రజలములో కూడ మునిగియేపోవును. అది తేలుటకు ఊరగాయ ఉప్పునీరంత చిక్కదనము కావలెను. నిలువయున్న గ్రుడ్డు మంచినీటిలోనే తేలిపోవును. కనుక గ్రుడ్డు సాక్ష్యము ఇచ్చట చెల్లదు.

పాల కేంద్రమున లాక్టోమీటరును మీరందరు చూచియుందురు. అడుగున లావుగా, పైన సన్నని కాడతో నుండు ఆ గాజు పరికరము పాలలో ఎంతవరకు మునిగినదో చూచి, నీరు కలిసినది లేనిది చెప్పుదురు. బ్యాటరీ దుకాణమున ఆసిడును పరీక్షించు పరికరము దాని తమ్ముడు. మన సీసాయు ఆ కుటుంబములోనిదే. తేలెడి వస్తువు తన బరువునకు సరియైన బరువుగల నీటిని మాత్రమే త్రోసివేయునని ఆర్కిమిడీసు చెప్పిన సూత్రమే వీటికన్నిటికి మూలము. ఉప్పునీరు మంచినీటికంటె బరువు. కనుక తక్కువ నీటిని త్రోసినను చాలును. అందుచేత ఉప్పునీటిలో వస్తువు పైకి తేలివచ్చును.

ఇక్కడ ఒక చిక్కున్నది. సముద్రజలము మంచినీటికంటె నూటికి రెండున్నర పాళ్లు మాత్రమే బరువు. ఒకే లావుగల గొట్టమునకు అడుగున బరువు పెట్టి, మంచినీటిలో 16 సెంటీమీటర్లు మునుగునట్లు చేసితిమనుకొనుడు. అదే గొట్టము సముద్రజలములో పైకి లేచునది నాలుగు మిల్లీమీటర్లే. ఆ నాలుగు మిల్లీమీటర్లలో 35 గీతలెట్లు గీయగలము? ఉపాయమేమనగా, మునుగు భాగమును లావుగాను, నీటిమట్టమును దాటు కాడను సన్నముగాను చేయుట. మన సీసా 40 ఘనసెంటీమీటర్ల నీటిని త్రోసివేయునదై, కాడ ఆరు మిల్లీమీటర్ల లావుదైనచో, సముద్రజలములో అది సుమారు మూడున్నర సెంటీమీటర్లు లేచును. నీరు మారలేదు, సూత్రము మారలేదు. ఆకారము మార్చినందుననే చూపు దాదాపు తొమ్మిదింతలైనది. పాల కేంద్రపు పరికరమునకు ఆ ఆకారమేల వచ్చినదో ఇప్పుడు మీకు బోధపడియుండును.

ఇక చేయు విధానము. పిల్లల మందు వచ్చు 30 మిల్లీలీటర్ల చిన్న సీసాను, గట్టి మూతతో సహా, శుభ్రముగా కడిగి ఆరబెట్టుడు. గాజుదైన మంచిది. వాడి పారవేసిన పెన్నులలో ఆరు మిల్లీమీటర్ల లావుగల పారదర్శకపు గొట్టము నొకదానిని, సుమారు 12 సెంటీమీటర్ల పొడవున, ఏరుకొనుడు. మూత నడుమ రంధ్రము చేసి, గొట్టమును నిటారుగా నిలిపి, ఎం-సీల్ వంటి బంకతో నీరు చొరకుండ బిగింపుడు. బరువునకు సైకిలు బాల్‌రేసు గుండ్లు చక్కగా పనికివచ్చును. సీసాను బకెట్టు నీటిలో తేల్చుచు, కాడ కొసన రెండు సెంటీమీటర్లు మాత్రము పైకి కనబడువరకు గుండ్లు ఒక్కొక్కటిగా వేయుడు. అవి అటునిటు దొర్లకుండ కరిగించిన మైనము కొద్దిగా పోయుడు. మైనమునకును బరువున్నది గనుక ఆ తరువాత మరల తేల్చి చూచి, ఎక్కువైనచో ఒక గుండు తగ్గింపుడు. మిల్లీమీటరు గీతలుగల సన్నని కాగితపు ముక్కను కాడలోనికి జొనిపి, కొసను మైనముతో మూయుడు. సీసా తిన్నగా నిలిచి తేలినచో పని సగమైనట్లే.

సగమని ఏల అంటిననగా, ఇంతవరకు మనము చేసినది బొమ్మ. దానిని పరికరముగా మార్చునది గీతలు పెట్టుట. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు నొకదానిని తీసికొనుడు. 990 గ్రాముల మంచినీటిలో 10 గ్రాముల పొడి ఉప్పు కలిపినచో వేయింటికి 10 పాళ్ల ద్రవమగును. 980కి 20, 970కి 30, ఇట్లు 50 వరకు అయిదు పాత్రలు సిద్ధపరపుడు. మొదట వట్టి మంచినీటిలో తేల్చి, నీటిమట్టము ఏ మిల్లీమీటరు వద్ద నున్నదో వ్రాసికొనుడు, అది సున్న. తరువాత ఒక్కొక్క పాత్రలో తేల్చి వ్రాయుడు. సీసా పైకి లేచుచుండును గనుక పెద్ద అంకెలు కాడ క్రిందివైపునకు వచ్చును. ఇది చూచి కంగారుపడకుడు. సముద్రపు ఉప్పు, వంటింటి ఉప్పు అచ్చముగా ఒకటి కావు గాని మన పనికి ఆ భేదము స్వల్పము.

వేడిమి సంగతి మరువరాదు. నీరు వేడెక్కినచో వ్యాకోచించి తేలికపడును. 15 డిగ్రీలనుండి 30 డిగ్రీలకు వేడెక్కిన నీరు, ఉప్పు తగ్గకున్నను, నాలుగైదు పాళ్లు తగ్గినట్లు మనలను మోసగించును. దీనికి విరుగుడు తేలిక. పరీక్షించు నీటిని, ఒక చెంబెడు మంచినీటిని ప్రక్కప్రక్కన నీడలో అరగంట ఉంచుడు. రెండింటిలోను సీసాను తేల్చి, రెండు మట్టములకు గల దూరమునే లెక్కకు తీసికొనుడు. ఆ అరగంటలో బురదయు అడుగునకు దిగును. బురద కలిసిన నీరు లేని ఉప్పును చూపును.

ఒక హెచ్చరిక. త్రాగునీటి విషయమున ఈ సీసాను నమ్మరాదు. లీటరు నీటిలో కరిగిన లవణములు మొదలగునవి 500 మిల్లీగ్రాములకు మించకుండుట మేలని భారతీయ ప్రమాణము. మన కాడమీద అది అర మిల్లీమీటరు, కంటికే ఆనదు. వేరే నీటి ఆధారము లేనిచోట 2000 మిల్లీగ్రాముల వరకు అనుమతింతురు. అది రెండు మిల్లీమీటర్లు మాత్రమే. క్రిముల సంగతి సీసాకు బొత్తిగా తెలియదు. బావినీరు మంచిదో కాదో తేల్చవలసినది పరీక్షాలయము. ఏ పరికరమునకైనను తాను చెప్పలేని సంగతులుండును. చేసినవాడు మొట్టమొదట తెలిసికొనవలసినవి అవియే.

సరస్సు ఆవలి ఒడ్డున శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9వ తేదీన మొదటి రోహిణి రాకెట్టు ఎగిరినది. 2005 మే 5వ తేదీన అక్కడనుండియే, ప్రపంచమందలి ఔత్సాహిక రేడియో మిత్రులకొరకు హామ్‌శాట్ ఉపగ్రహము పైకి వెళ్లినది. 2010 జూలై 12వ తేదీన బెంగుళూరు, హైదరాబాదు కళాశాలల విద్యార్థులు కలిసి నిర్మించిన స్టడ్‌శాట్ ప్రయాణించినది. దాని బరువు ఒక కిలోకు లోపే. ఉపగ్రహములోని కొలత పరికరములను ముందుగా తెలిసిన విలువతో సరిపోల్చి చూచుకొందురు. మనము అయిదు పాత్రలలో సీసాను తేల్చినపుడు చేసిన పనియు అదే. ఖర్చులో హస్తిమశకాంతరము, నియమము ఒక్కటే.

సరస్సు చుట్టు సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రము, చిట్టమూరు, వాకాడు మండలములున్నవి. నీటి నడుమ ఇరకము, వేనాడు దీవులున్నవి. ఈ ఊళ్ల పాఠశాలలలో సీసా చేయగల పిల్లలకు కొదువలేదు. పక్షమున కొకసారి, ఒకే చోట, ఒకే వేళకు, సీసాడు నీరు తెచ్చి కొలిచి, తేదీతో పుస్తకమున వ్రాయవలెను. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు రహదారి సరస్సును చీల్చుచు సాగును. దానికి ఇరువైపుల నీటిని ఒకే దినమున కొలిచి పోల్చుట మంచి పరీక్ష. పిల్లలు పెద్దల తోడు లేక నీటిలో దిగరాదు; సరస్సు లోతు తక్కువైనను అడుగున బురద ఊబివలె నుండుచోట్లుండును. చలికాలమున వచ్చు పక్షుల దరికి పోయి వాటిని బెదరింపరాదు.

ఒక సంవత్సరము గడచునప్పటికి పుస్తకమున 24 అంకెలు చేరును. వానకు ముందెంత, వాన తరువాత ఎన్ని దినములకు తగ్గినది, ఎండకాలమున ఎన్నడు సముద్రమును మించినది, అందులో కనబడును. ఈ ఏడు నీరు మరీ ఉప్పన, ద్వారము పూడినది అని జాలరి చెప్పినపుడు, వినువారు ప్రతి ఏడును ఇట్లే అందువు గదా అని త్రోసిపుచ్చవచ్చును. కుమారునో కుమార్తెనో ప్రక్కన నిలువబెట్టుకొని, తేదీలతోసహా ఆ పుటను ఆయన ముందుంచినపుడు అంత తేలికగా త్రోసిపుచ్చలేరు. రెండవ సంవత్సరపు పుట చేరినచో పోల్చిచూచుటకు వీలు కలుగును. అప్పుడు నిజమైన శాస్త్రీయ పరిశ్రమ ఆరంభమగును.

కావలసినవి ఒక మందుసీసా, ఒక పాత పెన్ను, గుప్పెడు గుండ్లు, కొంచెము మైనము. వచ్చు ఆదివారము మీ ఇంటిలో ఎవరైన వీటికొరకు అటకమీద వెదకుచున్నచో, దయయుంచి విసుగుకొనకుడు.