డిగ్రీ మధ్యలో మిలిటరీ: జవానా, ఆఫీసరా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటె బాగా తెలిసినవారు ఉదయం నుండి మాట్లాడారు. నేను ఆ జోలికి పోను. కాలేజీ చదువు మధ్యలో "మిలిటరీకి పోతాను" అనే మనుమలు మనలో చాలామంది ఇళ్ళలో ఉన్నారు. వారి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు.

మన గోదావరి జిల్లాల వారికి మిలిటరీ కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తాం. మొదటి ప్రపంచయుద్ధం నాటినుండి అక్కడ తరతరాలుగా సైన్యంలో చేరుతున్నారు. అయితే మన పల్లెలవాళ్ళకు మిలిటరీ అంటే జవాను ఉద్యోగమే. ఆఫీసరు అంటే చిన్నప్పుడే సైనిక్ స్కూలుకు పోయినవాళ్ళ సంగతి అనుకుంటాం. 2020 జూన్‌లో గాల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు గారు కోరుకొండ సైనిక్ స్కూలులో చదివినవారే. కాని మామూలు కాలేజీలో డిగ్రీ చదివే కుర్రవాడికి కూడా ఆ తలుపు తెరిచే ఉంది. అది తెలియక మనం వాణ్ణి తొందరపెడుతున్నాం.

ముందటేడు దసరాకు మా తమ్ముడి మనుమడు వచ్చి, "పెదతాతయ్యా, కాలేజీ మానేసి అగ్నివీర్‌కు వెళతాను, నువ్వు నాన్నకు చెప్పు" అన్నాడు. బీయస్సీ రెండో సంవత్సరం. వాళ్ళ నాన్నది వెల్డింగు పని. నడుము దెబ్బతిని పని తగ్గించుకున్నాడు. ఆడపిల్ల పెళ్ళి అప్పు ఇంకా ఉంది. కుర్రవాడికి యూనిఫారం మీద మోజు లేకపోలేదు గాని, ఆ తొందర మాత్రం ఇంటి పరిస్థితిదే.

నలభై ఏళ్ళు సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ణి. ఎవరేమన్నా ముందు పుట్టినతేదీ అడగడం నాకు అలవాటు. కాగితం తీసుకుని వాడి ముందే లెక్క వేశాను.

ఇదివరకు జవానుగా చేరినవాడు పదిహేనేళ్ళు చేసి పెన్షనుతో వచ్చేవాడు. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించాక ఆ పద్ధతి మారింది. సికింద్రాబాద్ స్టేషనులో గొడవ, కాల్పుల్లో ఒక కుర్రవాడి మరణం మీకు గుర్తుండే ఉంటాయి. ఆ ప్రకటన ప్రకారం సర్వీసు నాలుగేళ్ళు. జీతం మొదటి ఏడు 30,000, అందులో చేతికి వచ్చేది 21,000. మిగతా 9,000 నిధికి పోతుంది, ప్రభుత్వం అంతే కలుపుతుంది. నాలుగేళ్ళయ్యాక వడ్డీతో సుమారు 11.71 లక్షలు. పెన్షను లేదు, గ్రాట్యుటీ లేదు. నూటికి పాతికమందిని మించకుండా రెగ్యులరు సర్వీసులోకి తీసుకుంటారు. వయసు పదిహేడున్నర నుండి 21 అని నాడు చెప్పారు. దీన్ని ఏ ఏటికా ఏడు నోటిఫికేషనులో చూసుకోవాలి.

ఆ అప్పుకు పదకొండు లక్షలు పెద్ద మొత్తమే, నేను కాదనలేదు. కాని పందొమ్మిదిన్నరకు చేరితే బయటికి వచ్చేసరికి వాడికి ఇరవైమూడున్నర. చేతిలో డిగ్రీ ఉండదు. సర్వీసులో ఉండగానే ఇగ్నో ద్వారా డిగ్రీ చేసే ఏర్పాటు ఉంది గాని, అది పట్టుదలగలవాడికే.

ఇక రెండో దారి. యూపీయస్సీ వారు ఏటా రెండుసార్లు జరిపే సీడీయస్ పరీక్ష. డిగ్రీ ఆఖరు సంవత్సరంలో ఉన్నవారు కూడా రాయవచ్చు. డెహ్రాడూన్ అకాడమీకి 24 ఏళ్ళలోపు, చెన్నై అకాడమీకి 25 లోపు. చెన్నైకి లెక్కల పేపరు కూడా ఉండదు. ఎన్‌సీసీలో 'సి' సర్టిఫికెట్టు కనీసం 'బి' గ్రేడుతో ఉండి, డిగ్రీలో 50 శాతం మార్కులుంటే రాతపరీక్ష లేకుండా సూటిగా ఇంటర్వ్యూకు పిలిచే ప్రత్యేక ప్రవేశం ఉంది. మా వాడు కాలేజీలో ఎన్‌సీసీ కేడెట్టు. రెండేళ్ళుగా ఆదివారాలు కవాతు చేస్తూ ఈ సంగతి వాడికే తెలియదు! శిక్షణలోనే నెలకు 56,100 స్టైపెండు.

"జవానుగా చేరి తర్వాత ఆఫీసరు కావచ్చు కదా" అని వాళ్ళ నాన్న అడిగాడు. నిజమే. సర్వీసులో ఉన్న సైనికులకు డెహ్రాడూన్‌లో ఆర్మీ కేడెట్ కాలేజీ ఉంది. మూడేళ్ళు అక్కడ, తర్వాత ఏడాది అకాడమీలో. అలా పైకి వచ్చినవారికి చేతులెత్తి మొక్కాలి. కాని అక్కడా ఇంటర్వ్యూ బోర్డు దాటవలసిందే. నాలుగేళ్ళకే ఇంటికి పంపే అవకాశం ఎక్కువున్న చోట, దాన్ని నమ్మి చదువు వదలడం నాకు సబబుగా తోచలేదు.

మనం పెన్షనుదారులం గనుక ఒక మాట. ఆఫీసరు అనగానే పెన్షను ఖాయం అనుకోకండి. చెన్నైలో శిక్షణ పొందేవారిది షార్ట్ సర్వీసు. పదేళ్ళు, పొడిగిస్తే మరో నాలుగు. ఆఫీసరు పెన్షనుకు ఇరవై ఏళ్ళు కావాలి. పర్మనెంటు కమిషను దొరకనివాడు పెన్షను లేకుండానే వస్తాడు. మన కళ్ళద్దాలతో చూసి పిల్లలకు సలహా చెబితే ఈ రెండూ పనికిరానివిగానే కనబడతాయి. అది న్యాయం కాదు.

నిజమైన చిక్కు మరొకటి. రెండో దారిలో డిగ్రీ అయ్యేవరకు, ఆ పైన ఎంపిక అయ్యేవరకు, ఒక్క రూపాయి రాదు. అంతవరకు ఇల్లు నడవాలి. మా వాడికి తెలివి చాలకకాదు, ఇంట్లో గడవక తొందరపడ్డాడు. నా పెన్షనులోంచి నెలకు నాలుగువేలు ఇస్తానన్నాను. మా ఇంటావిడ అయిదు చేసింది. వాళ్ళ నాన్న, "పెదనాన్నా, అప్పుగా రాసుకో" అన్నాడు. రాసుకున్నాను, వాడి మర్యాద కోసం.

కుర్రవాడు కాలేజీ మానలేదు. మొన్న సెప్టెంబరులో సీడీయస్ రాసి నెగ్గాడు. జనవరిలో ప్రయాగరాజ్, అంటే మన పాత అలహాబాదు, బోర్డుకు పిలుపు వచ్చింది. అక్కడ అయిదు రోజులు పరీక్షిస్తారు. మాట చూపించి పదిహేను సెకన్లలో వాక్యం రాయమంటారు, అరవై మాటలు. బొమ్మ చూసి కథ రాయాలి. తాళ్ళు, బల్లలు ఇచ్చి పదిమందిని కలిసి అడ్డంకి దాటమంటారు. మా వాణ్ణి మొదటిరోజు వడపోతలోనే పంపేశారు. బృందంలో ఇంగ్లీషులో చర్చించమంటే నోరు పెగలలేదట. "రాసింది బాగానే రాశాను పెదతాతయ్యా, మాట్లాడటమే" అన్నాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం నాతో ఇంగ్లీషు పేపరు చదివి వాదిస్తున్నాడు. నా ఇంగ్లీషు ఆఫీసు నోటు ఇంగ్లీషు, అయినా వాదనకు సరిపోతోంది.

ఆగస్టుకు వాడికి 21 నిండుతాయి. అందుకని రెండోసారి సీడీయస్‌కు దరఖాస్తు పెట్టాడు, అగ్నివీర్ ఫారం కూడా నింపాడు. ముందు ఏ పిలుపు వస్తే ఏం చేయాలన్నది వాడి ఇష్టానికే వదిలేశాం. నాలుగువేలా అయిదా అన్నది తప్ప ఇక మా ఇద్దరికీ అందులో మాట లేదు.

మీ ఇళ్ళలో ఇలాంటి పిల్లలుంటే టెన్తు సర్టిఫికెట్టు, మార్కుల జాబితా, ఎన్‌సీసీ కాగితాలు ఇచ్చి గురువారం సాయంత్రం సంఘం గదికి పంపండి. ఆడపిల్లల్నీ పంపండి, చెన్నై అకాడమీలో వారికి ప్రవేశం ఉంది. అయిదు గంటల నుండి నేనక్కడే ఉంటాను.