మన వృత్తి పన్ను – వారి పని హక్కు

(రైల్వే, తపాలా ఉద్యోగుల ఉమ్మడి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన జీతం స్లిప్పులో ప్రతి నెలా ఒక చిన్న పద్దు కనిపిస్తుంది: వృత్తి పన్ను, 200 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను నెల జీతం 20,000 రూపాయలు దాటిన ఉద్యోగుల నుండి ఈ మొత్తాన్ని కోస్తున్నారు. ఏడాదికి 2,400 రూపాయలు. కరవు భత్యాన్ని గురించి, ఆదాయపు పన్నును గురించి గంటలకొద్దీ చర్చించుకొనే మనం, ఈ 200 రూపాయలు ఎవరికి ఉపయోగపడుతున్నవని అడిగినది బహు తక్కువ. ఆ ప్రశ్ననే ఈరోజు మీ ముందుంచుతున్నాము.

కేంద్ర ప్రభుత్వోద్యోగులమైన మనకు రాష్ట్ర శాసనసభలతో ఏమి నిమిత్తమని కొందరు మిత్రులు అంటారు. మన జీతాలను నిర్ణయించేది ఢిల్లీయే, నిజమే. కాని వృత్తి పన్ను రాష్ట్రాలది. రాజ్యాంగంలోని 276వ అధికరణం ఆ అధికారాన్ని వాటికిచ్చింది. ఏడాదికి 250 రూపాయలుగా ఉండిన గరిష్ఠ పరిమితిని 1988లో 60వ సవరణ ద్వారా 2,500కు పెంచారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1987లో ఈ పన్నుకై ప్రత్యేక చట్టం చేసింది. పన్ను కట్టేవానికి లెక్క అడిగే హక్కు ఉన్నది. ఆ సొమ్ము ఫలానా పనికి వెళ్ళాలని కోరే హక్కూ ఉన్నది.

ఇది ఊహాగానం కాదు, మన పొరుగు రాష్ట్రంలో జరిగిన చరిత్ర. 1972-73లో మహారాష్ట్రను ఘోరమైన కరవు పట్టి పీడించింది. లక్షలాది కూలీలు రోడ్డు పనులలో, చెరువు పనులలో రాళ్ళు కొట్టి ప్రాణాలు నిలుపుకున్నారు. అడిగిన ప్రతి వ్యక్తికీ పని చూపాలన్న ఉపాధి హామీ పథకం అక్కడ ఆ కాలంలోనే రూపు దిద్దుకున్నది. శాసన మండలి అధ్యక్షుడుగా ఉండిన వి. ఎస్. పాగే దాని రూపకర్తగా పేరొందారు. పథకానికి డబ్బెక్కడిదన్న ప్రశ్న వచ్చినపుడు ఆ రాష్ట్రం 1975లో వృత్తి పన్ను విధించింది. బొంబాయిలోని గుమాస్తా, రైల్వే కార్మికుడు, తపాలా ఉద్యోగి కట్టిన పన్ను మరాఠ్వాడా పల్లెలోని కూలి తల్లికి పనిగా మారింది. ఆ పన్నులకు సమానంగా రాష్ట్ర ప్రభుత్వం కూడ తన వాటాను జమ చేయవలసి ఉండెను. 1977లో చట్టం ఆమోదం పొందింది, 1979 జనవరి 26న అమలులోకి వచ్చింది.

మిత్రులారా, పథకం నుండి చట్టానికి పడిన ఆ ఒక్క అడుగు చాల పెద్దది. పథకం పాలకుని దయ. ఎన్నికల ముందు వస్తుంది, తరువాత పోతుంది. చట్టం పౌరుని హక్కు. పని చూపకపోతే ఎందుకు చూపలేదని కూలి మనిషి నిలదీయగలడు. మన బోనసు, మన పింఛను, మన సెలవు దయగా ఉన్నంతకాలం ఎంత అస్థిరంగా ఉండెనో మనకు తెలియనిది కాదు. 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మెలో వేలాదిమంది జైళ్ళ పాలయ్యారు, ఉద్యోగాలు కోల్పోయారు. రైల్వే ఉద్యోగులకు బోనసు లభించినది 1979లో. హక్కు విలువ మనకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

అదే ఆలోచన 2005లో జాతీయ చట్టమైంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ కూలి సొమ్ము ఎన్నో గ్రామాలలో తపాలా ఖాతాల ద్వారా చేరింది. వేలిముద్ర వేయించి, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టినవాడు మన బ్రాంచి పోస్టుమాస్టరు. సొమ్ము పైనుండి ఆలస్యమైతే తిట్లు తిన్నవాడూ ఆయనే. ఇక రైల్వే మిత్రులు చూసే దృశ్యం మరొకటి. పంటలు లేని కాలంలో పాలమూరు నుండి, శ్రీకాకుళం నుండి మూటాముల్లె, పసిపిల్లలతో జనరల్ పెట్టె తలుపు దగ్గర కూర్చొని పోయే కుటుంబాలు. ఊళ్ళో పని ఉంటే ఆ పిల్లలు బడిలో ఉండేవారు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ జాతీయ చట్టం స్థానంలో మరొకదానిని ఆమోదించింది. పనిదినాలను 125 అన్నారు. కాని మన రాష్ట్రాల వంటి వాటిపై ఖర్చులో 40 శాతం భారం పెట్టారు. రాష్ట్రం తన వాటా తీయలేకపోతే నష్టపోయేది కూలివాడే. అందుచేత రాష్ట్ర శాసనం, రాష్ట్ర నిధి అన్న మాట మునుపటికంటె నేడు మరింత అవసరమైనది. పట్టణ పేదల సంగతి సరేసరి. మన స్టేషన్లు ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికి, కాంట్రాక్టరు మారిననాడు పని పోయిన హమాలీకి ఆ చట్టంలో చోటు లేదు. రాజస్థాన్ 2023లో పల్లెకు, పట్టణానికి కలిపి ఏడాదికి 125 రోజుల పనికి, పింఛనుకు హామీనిస్తూ చట్టం చేసింది. రాష్ట్రాలు తలచుకొంటే చేయగలవనుటకు ఇది నిదర్శనం.

కనుక మన రెండు రాష్ట్రాల శాసనసభల ముందు మేము ఉంచదలచిన కోర్కెలు ఇవి:

ఒకటి, పేద శ్రామిక కుటుంబాలకు పని హామీనిచ్చే చట్టం చేయాలి. అందులో పట్టణాలను, కాంట్రాక్టు కార్మికులను చేర్చాలి.

రెండు, ఉద్యోగుల వృత్తి పన్నులో నిర్ణీత భాగాన్ని ప్రత్యేక నిధికి జమ చేయాలి. అంతే మొత్తాన్ని ప్రభుత్వం కలపాలి. స్థానిక సంస్థలకు న్యాయంగా రావలసిన దానిని తగ్గించరాదు.

మూడు, అడిగిన 15 రోజులలో పని చూపకపోతే భృతి చెల్లించాలి. స్త్రీ పురుషులకు సమాన కూలి, పని చోట నీడ, నీరు, పసిపిల్లలకు శిశు సంరక్షణ ఉండాలి.

నాలుగు, నిధి లెక్కను ఏటా శాసనసభ ముందుంచాలి. మహారాష్ట్రలో నిధి పెద్దఎత్తున ఖర్చు కాక మిగిలిపోయిన అనుభవం మన ముందున్నది. పేరుకున్న డబ్బు ఎవరి ఆకలినీ తీర్చదు.

"మా పన్ను పెరుగుతుందా?" అని మీరడుగుతారు. పెంచమని మేము కోరడం లేదు. ఇప్పటికే పరిమితికి నూరు రూపాయల దూరంలో ఉన్నాము. కట్టేది కడుతూనే ఉంటాము, అది చేరవలసిన చేతికి చేరాలన్నదే మన మాట. "మన సమస్యలే తీరలేదు గదా" అనేవారికి కూడ ఒక సమాధానమున్నది. ఇంటికొక్కరు జీతగాళ్ళైన మన బంధువర్గంలోనే దినకూలీలు ఎందరో లెక్కించుకోండి. చుట్టూ పనిలేని లక్షలమంది ఉన్నంతకాలం, వారిని చూపి మన ఖాళీలను కాంట్రాక్టుకు అప్పగించడం పాలకులకు సులువు. వారి కూలి నిలబడితే మన ఉద్యోగం నిలబడుతుంది.

ప్రతి శాఖ ఈ నెలలోనే సర్వసభ్య సమావేశం జరిపి తీర్మానం చేయాలి. తమ శాసనసభ్యుని స్వయంగా కలిసి వినతిపత్రమివ్వాలి. వెళ్ళేటపుడు వ్యవసాయ కార్మికులను, స్టేషన్ కాంట్రాక్టు కార్మికులను వెంటబెట్టుకొని వెళ్ళాలి. వారి తరఫున మాట్లాడటం చాలదు, వారితో కలిసి మాట్లాడాలి. చేతిలో జీతం స్లిప్పు ఉంచుకోండి. ఆ 200 రూపాయల పద్దు కింద గీత గీసి చూపండి. మన వాదన అంతా అక్కడ ఉన్నది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!