యోసేపుకూ తామారుకూ ఒకే న్యాయం

(బెంగళూరులో తెలుగు క్రైస్తవ యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



అత్యాచారం కేసులో శిక్ష పడినవాణ్ని పైకోర్టు విడుదల చేసినప్పుడల్లా మన సంఘాల్లో రెండు మాటలు వింటాం. "డబ్బుతో కొనేశారు" అని కొందరు, "ఆ అమ్మాయిదే అబద్ధం" అని మరికొందరు. రెండూ తొందరపాటు మాటలే.

2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉన్న ఫార్మసీ విద్యార్థినిపై అత్యాచారం చేసి చంపేశారు. ఆ బిడ్డ పేరు మనం ఇక్కడ పలకం. 2008లో పోలీసులు సత్యంబాబు అనే పేద దళిత యువకుణ్ని అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే "ఇతను కాదు" అంటూ వచ్చారు. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు అతణ్ని నిర్దోషిగా విడుదల చేసింది. లక్ష రూపాయలు చెల్లించాలని, దర్యాప్తు చేసిన పోలీసులపై చర్య తీసుకోవాలని కూడా చెప్పింది. అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. అటు ఆ తల్లికీ న్యాయం దొరకలేదు.

అప్పీలులో హైకోర్టు సాక్ష్యాలన్నిటినీ మొదటినుంచి తూకం వేస్తుంది. సహేతుకమైన సందేహం మిగిలితే శిక్ష నిలవదు. ఈ నియమం డబ్బున్నవాళ్ల కోసం పుట్టింది కాదు. అది లేకపోతే ముందుగా జైలుకు పోయేది మన వాడల పిల్లలే.

అయితే సందేహం అంటే అనుమానపు బుద్ధి కాదు. మథుర కేసులో పోలీసుస్టేషన్‌లో అత్యాచారానికి గురైన ఆదివాసీ అమ్మాయి ఒంటిమీద గాయాలు లేవని, ఆమె ఒప్పుకున్నట్టేనని సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాశారు, మహిళలు వీధుల్లోకి వచ్చారు, 1983లో చట్టం మారింది. 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: బాధితురాలి మాట నమ్మదగినదైతే అదొక్కటే చాలు, వేరే సాక్షి లేడని తోసేయకూడదు.

మన గ్రంథంలో ఈ ఇద్దరూ ఉన్నారు. విచారణ లేకుండా, ఒక్క వస్త్రం చూపి యోసేపును చెరలో వేశారు. తామారును సొంత అన్నే ఊరుకోమన్నాడు, తండ్రి దావీదు కోపపడ్డాడేగాని న్యాయం చేయలేదు. పొలంలో కేక వేసినా ఆదుకునేవాడు లేని చిన్నదానికి పాపం అంటగట్టవద్దని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చెబుతుంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలన్న మాటను కాపరులకు డాలుగా వాడేవాళ్లు ఆ అధ్యాయం కూడా చదవాలి.

ఇంకొక్క మాట. సహేతుక సందేహం అనే కొలత మనిషిని జైలుకు పంపడానికి. సండేస్కూలు పిల్లల్ని కాపాడడానికి అంత రుజువు అక్కర్లేదు. ఫిర్యాదు వస్తే ఆ వ్యక్తిని ముందు బాధ్యతలనుంచి తప్పిద్దాం. పిల్లల విషయమైతే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, సంఘపెద్దల పంచాయితీ చాలదు. స్త్రీలకూ, ఎస్సీ ఎస్టీలకూ, జైల్లో ఉన్నవారికీ ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కు ఫోన్ చేయమని చెబుదాం. బాధితురాలితో కోర్టు మెట్లెక్కుదాం, అన్యాయంగా చెరలో ఉన్నవాణ్ని దర్శిద్దాం.

న్యాయమును ప్రేమించే దేవుడు మనకు ఆ ధైర్యం దయచేయును గాక. ఆమెన్.