టీకా రక్షణ ఎంత? లెక్క చూచుకొందము

(మన సంఘపు ఆదివారపు సభలో, పిల్లలకు టీకాలు వేయించుటను గూర్చి జరిగిన చర్చయందు చేసిన ప్రసంగము)



మాకు ముందు మాటలాడిన మిత్రులిరువురును రెండు పక్షములను వహించిరి. టీకా వేయించిన బిడ్డకు ఇక ఏ భయమును లేదని ఒకరు చెప్పిరి. తమ వీధిలో టీకా వేయించిన పిల్లలకే తట్టు వచ్చినది గనుక పసిబిడ్డకు సూదిపోటు ఎందులకని మరియొకరు ప్రశ్నించిరి. ఇరువురును సత్యములో సగపాలే చెప్పిరని మా మనవి. మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి అంగడిలో కూర్చున్నవారము. కాని లాభనష్టములను లెక్క వేయుట మా వృత్తి. ఈ విషయమునకు కావలసినదియు ముఖ్యముగా అదియే.

చెన్నపట్టణమునకు ఈ వాదము క్రొత్తది కాదు. గోమశూచి టీకా 1802లో మన దేశమున అడుగుపెట్టినది. ఆ కాలమున మశూచి యనిన అమ్మవారే. వాకిట వేపమండలు కట్టి మ్రొక్కుకొనుట తప్ప జనులకు వేరు గతి లేదు. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, దక్షిణభాషల కుటుంబమునకు చెందినదనియు 1816లో నిరూపించిన ఎల్లిస్ దొర ఈ పట్టణముననే ఉద్యోగము చేసెను. టీకా దైవప్రసాదమని జనులను నమ్మించుటకు ఆయన సంస్కృతమున ఒక కావ్యమును తానే కట్టెనని చెప్పుదురు. ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని నమ్మించుటకు కల్పన చేసినచో, అది బయటపడిన నాడు సత్యమునకు కూడ విలువ పోవును. టీకాకు లేని గుణమును అంటగట్టుటయు అట్టిదే.

టీకా చేసిన మేలు కల్పన లేకయే పెద్దది. గిండీలో 1899లో కింగ్ సంస్థ ఏర్పడి మశూచి టీకాను తయారుచేసినది. 1975 తరువాత మన దేశమున ఆ వ్యాధి ఎవరికిని సోకలేదు. 1980లో ప్రపంచమంతటను అది తొలగినదని ప్రకటించిరి. మన పెద్దల చేతులపై నున్న మచ్చలే అందులకు సాక్ష్యము.

అయినను, ఒక టీకా గెలిచినదని అన్నియు ఒకే తీరున గెలుచునని తలపరాదు. క్షయకు వేయు బి.సి.జి. టీకాను అప్పటి చెంగల్పట్టు జిల్లాలో 1968 మొదలు లక్షలాది జనులలో పరీక్షించిరి. పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని ఆ పరీక్షలో తేలినది. మరి దానిని ఇంకను ఎందులకు వేయుచున్నారు? పసిబిడ్డల మెదడు పొరలకు సోకు క్షయనుండి అది కాపాడును గనుక. పోలియో చుక్కల సంగతియు ఇట్టిదే. చల్లని దేశములలో మూడు మారులు చాలిన ఆ చుక్కలు మన పిల్లలకు చాలుట లేదని వెల్లూరు వైద్యులు ఏనాడో గుర్తించిరి. అందుచేతనే మరల మరల వేయవలసి వచ్చెను. 2011 జనవరి తరువాత మన దేశమున సహజ పోలియో కేసు లేదు. లోపమును దాచిపెట్టక, తెలిసికొని సరిదిద్దుటవలననే ఈ జయము కలిగినది.

ఇక తట్టు మాటకు వత్తము. తొమ్మిదవ నెలలో వేయు మొదటి టీకా నూటికి సుమారు 85 మందికి పట్టును. తల్లినుండి వచ్చిన రక్షణ బిడ్డ రక్తమున ఇంకను మిగిలియుండి, కొందరిలో టీకాను పని చేయనీయదు. ఒకటిన్నర యేటి ప్రాంతమున వేయు రెండవ టీకా అట్టివారిని కూడ అందుకొనగా, రక్షణ నూటికి 97 వరకు పోవును.

ఇప్పుడు మిత్రుల ప్రశ్నకు లెక్క చూతము. ఒక బడిలో 300 మంది పిల్లలున్నారనుకొందము. 280 మందికి ఒక్క టీకా పడినది. 20 మందికి ఏమియు లేదు. తట్టు వచ్చి అందరిని తాకినది. రక్షణ లేనివారిలో నూటికి 90 మందికి అది అంటుకొనును గనుక ఆ 20 మందిలో 18 మంది పడుదురు. టీకా పడినవారిలో, అది పట్టనివారు నూటికి 15 చొప్పున, హెచ్చుపక్షము 42 మంది పడుదురు. వీధిలో నిలిచి చూచువానికి టీకా వేయించినవారే ఎక్కువగా మంచమెక్కినట్లు తోచును. కాని 20లో 18 ఎక్కడ, 280లో 42 ఎక్కడ! ఎవరికిని టీకా లేకున్న 270 మంది పడియుందురు. అందరికిని రెండేసి పడియున్నచో తొమ్మిదిమందితో పోవును. అమ్మిన మొత్తము చూడక, తిరిగి వచ్చిన సరుకును మాత్రము లెక్కించి అంగడి దివాలా తీసినదని చెప్పు వర్తకుడెవడైన కలడా?

మరియొక మాట. తొమ్మిది నెలలు నిండని బిడ్డకు తట్టు టీకా వేయరు. ఆ బిడ్డకు చుట్టునున్న పిల్లలే కోట. తట్టు విషయమున ఆ కోట నిలువవలెనన్న నూటికి 95 మందికి రెండు టీకాలును పడియుండవలెను. మన ఇంటి పిల్లవానికి వేయించుట ఎదురింటి ఉయ్యాలలోని పాపకు కావలి యుండుటయే. ధనుర్వాతమునకు మాత్రము ఈ సూత్రము చెల్లదు. అది ఒకరినుండి ఒకరికి అంటునది కాదు గనుక ఎవరి టీకా వారికే రక్ష.

భయపడువారిని మేము పరిహసింపము. 2008 ఏప్రిలులో తిరువళ్లూరు జిల్లాలో తట్టు టీకా వేయించిన పిమ్మట నలుగురు పసివారు మరణించిరి. ఆ తల్లుల శోకమునకు ఏ లెక్కయు సమాధానము చెప్పలేదు. తదుపరి ప్రభుత్వము ఊరూర టీకాలు వేయుటను కొంతకాలము నిలిపి, ఆరోగ్యకేంద్రములలోనే వేయించినది. 2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకాలను పదునైదేండ్ల లోపు పిల్లలకు వేయబూనినప్పుడు, ఫోనులలో పుట్టిన వదంతులకు వెరచి తల్లిదండ్రులనేకులు వెనుదీయగా, గడువు పొడిగింపవలసి వచ్చెను.

భయమునకు లోబడినచో ఏమగునో సమోవా ద్వీపములు చూపినవి. 2018లో అచట టీకా పొడిని నీటికి బదులు వేరొక మందుతో కలిపినందున ఇరువురు శిశువులు మరణించిరి. జనులు టీకాలనుండి వెనుదీసిరి. మరుసటి సంవత్సరమున తట్టు వచ్చి 83 మందిని బలిగొన్నది. వారిలో పెక్కురు పసివారే. కలిపినవారి తప్పును కఠినముగా విచారింపవలసినదే. కాని ఆ తప్పునకు శిక్షను పిల్లలు అనుభవించిరి. కనుక ప్రశ్నింపుడు, సీసా ఎప్పుడు తెరచిరో, ఎట్లు చల్లగా ఉంచిరో అడుగుడు, వేయించిన పిమ్మట అరగంట అచటనే కూర్చుండుడు. వేయించుట మాత్రము మానకుడు.

చివరకు మన ఇండ్ల సంగతి. ఈ పట్టణమున తరతరములుగా స్థిరపడినను, మనకు వియ్యములు నెల్లూరు, గూడూరు, చిత్తూరు ప్రాంతములతోనే. కోడలు కాన్పునకు పుట్టింటికి పోవును. బిడ్డకు మొదటి టీకాలు అచట పడును. కార్డు అచటి పెట్టెలోనే ఉండిపోవును. ఇచ్చటికి వచ్చిన పిమ్మట ఏది పడినదో, ఏది పడలేదో చెప్పువారు లేరు. ఇచ్చటి కార్డులు అరవమునను ఇంగ్లీషునను ఉండుటచే క్రొత్తగా వచ్చిన కోడలికి అర్థము కావు. మనలో టీకాకు విరోధులు బహుస్వల్పము. రెండవ మోతాదును మరచినవారే అధికము. అయిదారేండ్లకు వేయవలసిన కంఠసర్పి, కోరింతదగ్గు టీకాల సంగతి ఎంతమంది ఇండ్లలో జ్ఞాపకమున్నది? వాని రక్షణ కాలక్రమమున తగ్గును గనుకనే మరల వేయుదురు.

కావున మేము సభవారిని మూడు కోరికలు కోరుచున్నాము. ప్రతి కుటుంబమును బిడ్డ కార్డును ఫోనులో ఫోటో తీసి ఉంచుకొనవలెను. సంఘమువారు అయిదేండ్లలోపు పిల్లల పట్టికను వ్రాసి, అరవము చదువగల సోదరీమణులిద్దరిచే కార్డులను తెలుగున వివరింపజేయవలెను. తప్పిన టీకాలను నగరపాలక సంస్థ ఆరోగ్యకేంద్రములో వేయించుటకు తోడుపోవలెను. అచట రుసుము లేదు. వేయింపనివారిని సంఘము వెలివేయవలదు. వారి ఇంటికి పోయి కూర్చుండి, ఈ లెక్కనే మరల చెప్పవలెను.

టీకా నూటికి నూరు రక్షయని మేము చెప్పము. నూటికి తొంబదియేడు లాభము గల బేరమును, మూడు నష్టమని విడిచిన వర్తకుని మన వీధులలో మేము ఎరుగము. పిల్లల ప్రాణముల విషయమున మనము అంతకు తక్కువ తెలివిగలవారము కారాదని మనవి చేయుచు, సెలవు తీసికొనుచున్నాము.